కొండ రైలుపెట్టె: కప్పు మీద ఎండ, కిటికీలో చీకటి

ఎండలో నిలబెట్టిన రైలుపెట్టెను ఎప్పుడైనా ఫొటో తీశారా? తీసి ఉంటే ఈ తంటా మీకు తెలిసే ఉంటుంది. పెట్టె బయటి గోడ చక్కగా వస్తే కిటికీలు నల్లటి గళ్లలా మిగిలిపోతాయి. లోపలి సీట్లు కనిపించేలా కెమెరాను సర్దితే కప్పు, ఆకాశం, వెనకున్న చెట్లు సున్నం కొట్టినట్టు తెల్లబోతాయి. మన కంటికి మాత్రం రెండూ కనిపిస్తూనే ఉంటాయి. కన్ను చూసినదాన్ని కెమెరా ఎందుకు చూడలేకపోతోంది? చూసేలా చేయాలంటే ఏం చేయాలి? మా విద్యాలయ ఫొటోగ్రఫీ క్లబ్బులో ఈ ఏడాది మేం నేర్చుకున్న పాఠం ఇదే. దాన్ని ఇక్కడ మీకోసం రాస్తున్నాం.

పాఠానికి మేం ఎంచుకున్న వస్తువు చాణక్యపురిలోని జాతీయ రైలు మ్యూజియంలో ఉంది. ఢిల్లీకి బదిలీ మీద వచ్చిన కుటుంబాలు మొదటి ఏడాదిలో చూసే చోట్లలో ఇదొకటి. చాలామంది బొమ్మరైలు ఎక్కి, ఐస్‌క్రీం తిని వచ్చేస్తారు. మీరూ అలాగే వచ్చేసి ఉంటే మరోసారి వెళ్లండి. ఈ మ్యూజియానికి 1971లో శంకుస్థాపన చేసింది అప్పటి రాష్ట్రపతి వరాహగిరి వెంకటగిరి. బరంపురంలో పుట్టిన తెలుగువారాయన. 1977 ఫిబ్రవరి 1న మ్యూజియం తెరుచుకుంది. పది ఎకరాలకు పైగా ఉన్న ఆవరణలో పాత ఇంజన్లు, రాజుల సెలూన్లు, పటియాలా సంస్థానపు ఒంటిపట్టా రైలు కొలువుదీరి ఉన్నాయి. వాటి మధ్య కొండ రైళ్ల సంతతి కూడా ఉంది. అందులో మేం ఎంచుకున్నది మాథేరాన్ కొండ రైలు కారు.

దాన్నే ఎందుకు ఎంచుకున్నాం? పెద్ద ఇంజన్ల ముందు అందరూ నిలబడి ఫొటోలు దిగుతారు. ఈ చిన్న బండి పక్కనుంచి మాత్రం దాటిపోతారు. అదొక కారణం. రెండోది, ఫొటో పాఠానికి ఇంతకంటే కష్టమైన వస్తువు, అంటే ఇంతకంటే మంచి వస్తువు, మాకు దొరకలేదు. పైన కప్పు మీద ఎండ, కింద చక్రాల దగ్గర నీడ, కిటికీల లోపల చీకటి. ఈ మూడూ ఒకే చట్రంలోకి రావాలి.

ఆ బండి ఎక్కడిదో కూడా కొంచెం తెలుసుకోవాలి. ముంబయి నుంచి పుణె వెళ్లే దారిలో నేరళ్ అనే స్టేషన్ ఉంది. అక్కడి నుంచి దాదాపు 21 కిలోమీటర్లు కొండ ఎక్కితే మాథేరాన్ వస్తుంది. మరాఠీలో మాథా అంటే తల, నుదురు. రాన్ అంటే అడవి. నెత్తిన అడవి ఉన్న ఊరన్నమాట. ఆ ఊళ్లోకి మోటారు బళ్లను రానివ్వరు. ఈ రైలు మార్గాన్ని వేయించింది ఆదమ్‌జీ పీర్‌భాయ్ కుటుంబం. కొడుకు అబ్దుల్ హుసేన్ పని నడిపించాడు, తండ్రి డబ్బు పెట్టాడు. 1904లో మొదలైన పని 1907కు పూర్తయింది. అప్పటి లెక్కలో పదహారు లక్షల రూపాయలు అయిందట. పట్టాల మధ్య దూరం రెండడుగులు మాత్రమే. మనం మామూలుగా ఎక్కే రైలు పట్టాల మధ్య దూరం అయిదున్నర అడుగులు. స్కేలు పెట్టి నేల మీద రెండు గీతలు గీసి చూడండి, తేడా తెలుస్తుంది.

కొండకు ఇరుకు పట్టాలే ఎందుకు? వంపు కోసం. పట్టాలు ఇరుకైతే బండి చిన్నదవుతుంది, పదునైన మలుపులు తిరగగలదు. మలుపులు తిరగగలిగితే కొండను తొలచకుండా దాని ఒంటినే పట్టుకుని ఎక్కవచ్చు. మాథేరాన్ మార్గంలో నిటారైన చోట్ల ఎత్తు 20కి 1, అంటే ఇరవై మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు పైకి. మైదానపు రైలు దారుల్లో నూటికి ఒకటే ఎక్కువ అనిపిస్తుంది. ఇలాంటి కొండ రైళ్లు మన దేశంలో మరికొన్ని ఉన్నాయి. డార్జిలింగ్ రైలు 1881 నాటిది, దానివీ రెండడుగుల పట్టాలే. కాల్కా నుంచి సిమ్లాకు 1903లో వేసిన దారి పట్టాలు రెండున్నర అడుగులు. నీలగిరి రైలు మీటరు గేజి మీద పళ్లచక్రం సాయంతో ఎక్కుతుంది. ఈ మూడింటినీ యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. మాథేరాన్‌కు ఆ గుర్తింపు ఇంకా రాలేదు. రావాలని మా అభిప్రాయం.

చరిత్ర చాలు. ఇక వెలుతురు దగ్గరికి వద్దాం.

స్టాప్ అంటే ఏమిటి

చదరంగం కనిపెట్టినవాడు రాజును బియ్యపుగింజలు అడిగిన కథ మీకు తెలుసు. మొదటి గడికి ఒక గింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు, ఇలా ప్రతి గడికీ రెట్టింపు. ఫొటోగ్రఫీలో వెలుగును లెక్కపెట్టే పద్ధతి అచ్చం అదే. ఒక్కో గడిని ఒక స్టాప్ అంటారు. ఒక స్టాప్ పెరిగితే వెలుగు రెట్టింపు, రెండు స్టాపులు పెరిగితే నాలుగింతలు, పది స్టాపులు పెరిగితే 1024 రెట్లు. రాజుగారిలాగే మనం కూడా ఈ లెక్కను మొదట తేలిగ్గా తీసుకుంటాం.

కెమెరాలోకి వచ్చే వెలుగును మూడు చోట్ల అదుపు చేయవచ్చు. షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంటుందన్నది ఒకటి. ఎపర్చర్, అంటే లెన్సులోని కంత ఎంత పెద్దదన్నది రెండోది. ఐఎస్ఓ, అంటే వచ్చిన వెలుగును ఎంత పెంచి చూపాలన్నది మూడోది. షట్టర్ సమయం 1/250 సెకను నుంచి 1/125కు మారితే ఒక స్టాప్ ఎక్కువ వెలుగు.

మాలో ఒకరి నాన్నగారి పాత డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా, ఒక ట్రైపాడ్, పెద్దవాళ్ల దగ్గర అడిగి తెచ్చుకున్న రెండు ఫోన్లు. ఇవీ మా సామాను. మ్యూజియంలో ట్రైపాడ్ వాడేముందు సిబ్బందిని అడగాలి. మేం అడిగాం. దారికి అడ్డం పెట్టకండి, బండి మీదికి ఎక్కకండి అని చెప్పారు, విన్నాం.

ఎపర్చర్ ఎఫ్/8, ఐఎస్ఓ 100 దగ్గర పెట్టి, స్పాట్ మీటరుతో ఒక్కో చోట వెలుగు కొలిచాం. ఎండ పడే కప్పు అంచు దగ్గర మీటరు 1/1000 సెకను చాలంది. కిటికీలోంచి కనిపించే సీటు దగ్గర 1/4 సెకను కావాలంది. సీటు కింది మూల దగ్గర 2 సెకన్లు అడిగింది. ఇప్పుడు లెక్క వేయండి. 1/1000 నుంచి 1/500 ఒక స్టాప్, 1/250 రెండు, 1/125 మూడు, 1/60 నాలుగు, 1/30 అయిదు, 1/15 ఆరు, 1/8 ఏడు, 1/4 ఎనిమిది. అక్కడి నుంచి 1/2, 1, 2 సెకన్లు. మొత్తం పదకొండు స్టాపులు. అంటే కప్పు అంచు, సీటు కింది మూలకంటే సుమారు 2048 రెట్లు ఎక్కువ వెలుగుతో ఉంది. రెండింటి మధ్య దూరం చూస్తే రెండు మూడు మీటర్లు ఉండదు!

ఈ పదకొండు స్టాపులూ ఫొటోలోకి రావాలి, ఆ తర్వాత కాగితం మీదికీ రావాలి. అసలు చిక్కు ఇక్కడే. మంచి కెమెరా రా ఫైలు పన్నెండు పదమూడు స్టాపుల వరకూ పట్టుకోగలదు, కానీ అందులో అడుగున ఉన్న స్టాపుల నిండా గరుకు చుక్కలే. ఫోను సెన్సరు చిన్నది కనుక ఇంకా తక్కువ పట్టుకుంటుంది. ఇక అచ్చయిన కాగితం సంగతి చూడండి. మెరిసే తెల్ల కాగితం, దాని మీది చిక్కటి నల్ల సిరా, ఈ రెంటి మధ్య తేడా దాదాపు వంద రెట్లు. అంటే ఆరేడు స్టాపులు. 2048 రెట్లను వంద రెట్లలో కుక్కాలి. రెండు బెర్తుల కింద ఇంటి సామానంతా సర్దడం బదిలీ కుటుంబాల పిల్లలకు కొత్తేం కాదు కదా.

కన్ను మాత్రం ఎలా చూస్తోంది? కన్ను ఒక్క ఫొటో తీయదు. కప్పు వైపు చూసినప్పుడు కంటిపాప ముడుచుకుంటుంది, కిటికీ లోపలికి చూసినప్పుడు విచ్చుకుంటుంది. రెటీనా కూడా తన పదును మార్చుకుంటుంది. పూర్తి చీకటికి అలవాటు పడాలంటే దానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. సినిమా హాల్లోకి ఆలస్యంగా వెళ్లి ఎవరి కాలో తొక్కినవాళ్లకు ఈ విషయం వేరే చెప్పనక్కర్లేదు. ఇలా విడివిడిగా చూసిన ముక్కల్ని మెదడు కలిపి ఒకే దృశ్యమని మనల్ని నమ్మిస్తుంది. కెమెరాతోనూ అదే పని చేయించడాన్నే హై డైనమిక్ రేంజ్ పద్ధతి అంటారు. పొట్టిగా హెచ్‌డీఆర్. మీ ఫోనులో ఆ మాట చూసే ఉంటారు.

నూట డెబ్బై ఏళ్ల కిందటి ఉపాయం

ఇది కంప్యూటర్ల కాలంలో పుట్టిన ఆలోచన కాదు. 1850లలో ఫ్రాన్సులో గుస్తావ్ ల గ్రే అనే ఫొటోగ్రాఫర్ సముద్రాన్ని తీసేవాడు. అప్పటి గాజు పలకలకు నీలిరంగు వెలుగంటే మహా చురుకు. సముద్రం సరిగా పడేలోపు ఆకాశం వట్టి తెలుపైపోయేది. అందుకని ఆయన కొన్ని చిత్రాల కోసం సముద్రానికి ఒక నెగటివ్, మబ్బులకు ఒక నెగటివ్ విడిగా తీసి, రెండింటినీ ఒకే కాగితం మీద అచ్చువేశాడు. అప్పటి జనం చూసి ఆశ్చర్యపోయారు.

మన దగ్గర అలాంటి గాజు పలకలతోనే పనిచేసిన గొప్పవాడు రాజా దీన్‌దయాళ్. ఆయన పుట్టింది 1844లో, మీరట్ జిల్లాలోని సర్ధనాలో. ఈనాటి మన రాజధాని ప్రాంతంలోనే. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఉద్యోగం చేశాడు. అంటే ఆయన కూడా ఊరు మారిన సర్కారు ఉద్యోగే. కెమెరా పట్టుకున్నాక ఉద్యోగం వదిలి, చివరికి హైదరాబాద్ ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యాడు. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపాడు. మనం అటు నుంచి ఇటు వచ్చాం, ఆయన ఇటు నుంచి అటు వెళ్లాడు. ఆయన తీసిన భవనాల చిత్రాలు దొరికితే పై భాగం గమనించండి. పాత ఫొటోల్లో ఆకాశం ఖాళీగా కనిపించడానికి కారణం ఆ రోజు మబ్బులు లేకపోవడమే కానక్కర్లేదు.

డిజిటల్ కాలంలో ఈ ఉపాయానికి గట్టి గణితం కట్టినవాళ్లలో మథురలో పుట్టిన జితేంద్ర మాలిక్ ఒకరు. కాన్పూర్ ఐఐటీలో చదివి, అమెరికాలోని బర్కిలీలో ప్రొఫెసర్ అయ్యారు. ఆయన, ఆయన విద్యార్థి పాల్ డెబెవెక్ కలిసి 1997లో ఒక పరిశోధన పత్రం వెలువరించారు. వేర్వేరు ఎక్స్‌పోజర్లలో తీసిన మామూలు ఫొటోల నుంచి, అసలు దృశ్యంలో ఎక్కడ ఎంత వెలుగుందో వెనక్కి లెక్కగట్టే పద్ధతి అందులో ఉంది. ఇప్పుడు మనం చేయబోయేది దాని చిన్న రూపమే.

ఎన్ని ఫొటోలు, ఏ సమయాలతో

1/1000 నుంచి 2 సెకన్ల దాకా ప్రతి స్టాపుకూ ఒక ఫొటో తీయాలా? అక్కర్లేదు. ఎందుకో చెబుతాం, ఇది జాగ్రత్తగా చదవండి.

మీటరు ఒక అమాయకపు పరికరం. దేని వైపు చూపినా అది మధ్యరకం బూడిదరంగు అనుకుంటుంది. ఎండ పడిన కప్పును చూపిస్తే దాన్ని బూడిదరంగుగా చేయడానికి 1/1000 చెబుతుంది. మనకు కప్పు బూడిదగా రానక్కర్లేదు. తెల్లగా మెరవాలి, కానీ దాని మీది గీతలు పోకూడదు. అంటే బూడిదకంటే రెండు స్టాపులు ఎక్కువ వెలుగు ఇవ్వవచ్చు. అది 1/250. అలాగే సీటు కింది మూల బూడిదగా రావాలంటే 2 సెకన్లు. కానీ అది నిజంగా చీకటి మూల, చీకటిగానే ఉండాలి, లోపల ఏముందో తెలిస్తే చాలు. మూడు స్టాపులు తగ్గించవచ్చు. అది 1/4.

ఇప్పుడు పరిధి 1/250 నుంచి 1/4 వరకూ, ఆరు స్టాపులు. రెండేసి స్టాపుల దూరంతో తీస్తే 1/250, 1/60, 1/15, 1/4. నాలుగు ఫొటోలు. మేం జాగ్రత్త కోసం అటొకటి, ఇటొకటి కలిపి 1/1000, 1 సెకను కూడా తీశాం. మొత్తం ఆరు. కిటికీ అంచు మీద సూర్యుడి తళుకు 1/1000 ఫొటోలో మాత్రమే గుర్తుపట్టేలా వచ్చింది కాబట్టి ఆ జాగ్రత్త వృథా పోలేదు. మా క్లబ్బులో ఇంకో లెక్క కూడా ఉంది. ఈ ఊళ్లో మేం ఉండేది మూడేళ్లో, నాలుగేళ్లో. సరిగా రాలేదు, వచ్చే ఏడు మళ్లీ తీద్దాం అనే వీలు అందరికీ ఉండదు. మాతో వచ్చినవాళ్లలో ఒకమ్మాయి నాన్నగారికి అప్పటికే విశాఖపట్నం బదిలీ ఉత్తర్వు వచ్చేసింది. రెండు ఫొటోలు ఎక్కువ తీస్తే పోయేదేం లేదు.

ఆరు ఫొటోల్లోనూ మారాల్సింది షట్టర్ సమయం ఒక్కటే. ఎపర్చర్ మారిస్తే ఎంత దూరం వరకూ స్పష్టంగా ఉంటుందన్నది మారిపోతుంది, ఫొటోలు ఒకదానిమీద ఒకటి కుదరవు. ఐఎస్ఓ పెంచితే గరుకు పెరుగుతుంది. ఫోకస్ ఒకసారి చేసి ఆటోమేటిక్ తీసేయాలి, లేకపోతే ఒక ఫొటోలో కిటికీ మీద, ఇంకోదాంట్లో వెనక చెట్టు మీద పడుతుంది. వైట్ బ్యాలెన్స్ కూడా ఒకే చోట బిగించాలి. మీట నొక్కేటప్పుడు చేతి అదురు తగలకుండా రెండు సెకన్ల టైమర్ పెట్టాలి.

ఇంత చేసినా మన చేతిలో లేనివి ఉంటాయి. చెట్టు ఆకులు కదులుతాయి. 1/60 ఫొటోలో ఒకచోట ఉన్న కొమ్మ 1/4 ఫొటోలో ఇంకోచోట ఉంటుంది. కలిపినప్పుడు అది రెండుగా, పలచగా, దయ్యంలా వస్తుంది. ఇంగ్లిషులోనూ దాన్ని దయ్యం పేరుతోనే పిలుస్తారు. మేం నాలుగో ఫొటోలో ఉండగా బొమ్మరైలు కూత వేసుకుంటూ వచ్చింది. అది దాటేదాకా ఆగి, మళ్లీ మొదటి నుంచి ఆరూ తీశాం. సగంలో ఆపి మిగతావి తర్వాత తీస్తే ఎందుకు కుదరదో చెప్పగలరా? ఈలోగా ఎండ జరుగుతుంది, నీడ కదులుతుంది.

ఎండ సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. ఢిల్లీలో డిసెంబరు మూడో వారంలో మధ్యాహ్నపు సూర్యుడు దిక్చక్రానికి 38 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. జూన్‌లో అదే సమయానికి దాదాపు 85 డిగ్రీలు, నడినెత్తిన. చలికాలపు పల్లపు ఎండ కిటికీల్లోంచి లోపలి దాకా పాకుతుంది, జూన్ ఎండ కప్పు మీదే ఆగిపోతుంది. అందుకే ఇలాంటి ఫొటోలకు చలికాలం మేలు. అయితే పొగమంచు దట్టంగా ఉన్న రోజు ఈ శ్రమే వద్దు. ఆ రోజు ఆకాశం మొత్తం ఒక తెల్ల గుడ్డలా వెలుగును పంచేస్తుంది, నీడలే ఉండవు, పరిధి మూడు నాలుగు స్టాపులు తగ్గిపోతుంది. మామూలు ఫొటో ఒక్కటి చాలు.

కలపడంలోని లెక్క

ఇప్పుడు ఆరు ఫొటోలూ కంప్యూటర్లో ఉన్నాయి. ప్రతి ఫొటోలోనూ ప్రతి చుక్కకూ ఒక అంకె ఉంటుంది, 0 అంటే నలుపు, 255 అంటే తెలుపు. సీటు చెక్క మీది ఒక్క చుక్కను తీసుకుందాం. లెక్క సులువుగా ఉండటానికి 1/60ని 1/64గా, 1/15ని 1/16గా అనుకుందాం. కెమెరాలో నిజానికి జరిగేది కూడా దాదాపు అదే.

1/16 సెకను ఫొటోలో ఆ చుక్క అంకె 40. 1/4 సెకను ఫొటోలో 160. ఒక్కో అంకెను సెకనుకు ఎంత వెలుగు వస్తోందో ఆ లెక్కలోకి మార్చాలి. సెకనులో పదహారో వంతుకు 40 వస్తే, సెకనుకు 40 × 16 = 640. నాలుగో వంతుకు 160 వస్తే 160 × 4 = 640. రెండు ఫొటోలూ ఒకే జవాబు చెప్పాయి. బాగుంది.

1 సెకను ఫొటోలో? 640 రావాలి. కానీ అంకె 255 దగ్గరే ఆగిపోతుంది. గ్లాసు నిండాక ఎంత పోసినా పైనుంచి పొర్లిపోతుంది కదా, అలాగే. ఆ ఫొటోను నమ్మితే వెలుగు 255 అనుకుంటాం, అది తప్పు. కాబట్టి ఈ చుక్క విషయంలో ఆ ఫొటో సాక్ష్యం చెల్లదు.

1/64 ఫొటోలో? 10 రావాలి. 10 × 64 = 640, సరిపోతుంది. కానీ సెన్సరు గరుకు వల్ల ఒక అంకె అటూ ఇటూ అయితే? 9 వస్తే 576, 11 వస్తే 704. ఒక్క అంకె తేడాకు జవాబు ఎంత ఊగిందో చూడండి. అదే ఒక్క అంకె తేడా 160 దగ్గర వస్తే 636 నుంచి 644 మధ్యే ఉంటుంది. అందుకే కంప్యూటరు ప్రతి చుక్కకూ మధ్యలో ఉన్న అంకెలకు ఎక్కువ విలువ, అంచుల్లో ఉన్నవాటికి తక్కువ విలువ ఇచ్చి సగటు కడుతుంది. ఎవరి మాట నమ్మాలి, ఎంత నమ్మాలి అన్నది ఒక్కో చుక్కకూ విడిగా తేలుతుంది. కప్పు మీది చుక్కకు 1/1000, 1/250 ఫొటోలు మంచి సాక్షులు, సీటు కింది చుక్కకు 1/4, 1 సెకను ఫొటోలు.

ఒక్క హెచ్చరిక. ఈ లెక్క రా ఫైలుకు నేరుగా సరిపోతుంది. జేపెగ్ ఫొటోలో కెమెరా ముందే అంకెల్ని ఒక వంపు ప్రకారం మార్చేస్తుంది, రెట్టింపు వెలుగుకు రెట్టింపు అంకె రాదు. ఆ వంపు ఏమిటో ఫొటోల నుంచే కనిపెట్టడం డెబెవెక్, మాలిక్ పత్రంలోని అసలు మెరుపు.

పరిధిని కుదించడం

లెక్క పూర్తయ్యాక మన దగ్గర వెలుగు పటం ఉంటుంది, అందులో 2048 రెట్ల తేడా ఉంటుంది. తెర మీద, కాగితం మీద అది పట్టదు. కుదించాలి. దీన్ని టోన్ మ్యాపింగ్ అంటారు. 2002లో ఎరిక్ రైన్‌హార్డ్, ఆయన సహచరులు వెలువరించిన పద్ధతిలో ఒక చిన్న సూత్రం ఉంది, తొమ్మిదో తరగతి వాళ్లు కూడా చేయగలరు. వెలుగు విలువను దానికి ఒకటి కలిపినదానితో భాగించడం, అంతే. విలువ 1 అయితే 1/2. 3 అయితే 3/4. 9 అయితే 9/10. 99 అయితే 99/100. ఎంత పెద్ద అంకె ఇచ్చినా జవాబు 1 దాటదు, అంటే తెలుపు ఎప్పటికీ పొర్లిపోదు. చిన్న అంకెల దగ్గర? 0.1 ఇస్తే సుమారు 0.09. దాదాపు మారలేదు. నీడల్ని కదపకుండా, వెలుగును మాత్రం మెల్లగా అణిచిపెడుతుంది. గ్రాఫు కాగితం మీద ఈ వంపు గీసి చూడండి, మొదట నిటారుగా లేచి తర్వాత వంగిపోతుంది. కొండ రైలు దారిలాగే అని మాలో ఒకడు అన్నాడు. కొండ రైలు దారి అలా ఉండదు, కానీ గుర్తుండిపోవడానికి పనికొస్తుంది.

మొత్తం ఫొటోకు ఒకే సూత్రం వాడితే కొంచెం చప్పగా అనిపించవచ్చు. అందుకని కొన్ని పద్ధతులు ప్రతి చుక్క చుట్టుపక్కల చూసి, కిటికీ లోపల ఒక రకంగా, కప్పు మీద ఒక రకంగా కుదిస్తాయి. వీటితో వివరం బాగా తేలుతుంది, ప్రమాదమూ ఉంది. శ్రుతి మించితే పెట్టె అంచు చుట్టూ తెల్లటి కాంతివలయం వస్తుంది, క్యాలెండరు దేవుడి తల వెనక ఉన్నట్టు. ఇంకా పెంచితే తుప్పు నారింజ రంగులో మండుతుంది, చెక్క ప్లాస్టిక్‌లా మెరుస్తుంది, ఆకాశం ఉరుములు వచ్చేలా నల్లబడుతుంది. ఇంకో దారి ఏమిటంటే, వెలుగు పటం జోలికి పోకుండా, ప్రతి ఫొటోలో బాగా వచ్చిన భాగాల్ని తూకం వేసి నేరుగా కలిపేయడం. 2007లో మెర్టెన్స్, కాట్జ్, వాన్ రీత్ చూపించిన పద్ధతి అది. హ్యూగిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వచ్చే ఎన్‌ఫ్యూజ్ ఆ పద్ధతే వాడుతుంది.

మా క్లబ్బులో గొడవ వచ్చింది ఇక్కడే. రెండు ఫొటోలు తయారయ్యాయి. ఒకటి సూత్రాన్ని గట్టిగా బిగించి చేసింది, మిలమిల మెరిసిపోతోంది. రెండోది నెమ్మదిగా కలిపింది, కప్పు మీద ఎండ ఎండలా, లోపల నీడ నీడలా ఉంది, నీడలో సీటు కనిపిస్తోంది. తరగతిలో చూపిస్తే చేతులన్నీ మొదటిదానికే లేచాయి. విద్యాలయ ప్రదర్శన బోర్డు మీద ఏది పెట్టాలి?

రెండు రోజులు వాదించుకున్నాం. మొదటిదాని పక్షం వాళ్లు చెప్పిన మాటలో బలం ఉంది: పక్కనుంచి దాటిపోయే జనాన్ని ఆపాలంటే మెరుపు కావాలి, ఆగితేనే కదా బండి గురించి చదివేది. రెండోదాని పక్షం వాళ్లు ఒక ప్రశ్న అడిగారు. ఆరుబయట ఉన్న బండికి ఎండావానా తగులుతాయి, ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ రంగు వేస్తారు, చెక్క మారుస్తారు. అప్పుడు ఎవరైనా మన ఫొటో చూసి ఈ ఏడాది ఆ బండి రంగు ఏమిటో, చెక్క ఏ స్థితిలో ఉందో తెలుసుకోవాలనుకుంటే, ఏ ఫొటో నిజం చెబుతుంది? దానికి అటువైపు జవాబు దొరకలేదు. బోర్డు మీద రెండోది పెట్టాం. మొదటిది పోస్టరుకు వాడుకోవచ్చని ఒప్పుకున్నాం, కింద రంగులు పెంచామని రాసి.

అంతకంటే ముఖ్యమైన పని ఇంకోటి చేశాం. కలపని ఆరు ఫొటోల్నీ అలాగే దాచాం. తేదీ, గంట, ఏ వైపు నుంచి తీశాం, ఒక్కోదాని షట్టర్ సమయం, ఇవన్నీ నోటు పుస్తకంలో రాసి క్లబ్బు అల్మారాలో పెట్టాం. రేపు ఇంకా మంచి పద్ధతి వస్తే కలిపిన ఫొటోతో పని జరగదు, విడి ఫొటోలే కావాలి. వచ్చే ఏడాది ఈ క్లబ్బులో మాలో ఎందరుంటామో కూడా తెలియదు కనుక, మమ్మల్ని అడగకుండానే అర్థమయ్యేలా రాశాం.

మరి ఫోన్లో హెచ్‌డీఆర్ నొక్కితే సరిపోదా? ఫోను చేసే పని కొంచెం వేరు. చాలా ఫోన్లు రెప్పపాటులో కొన్ని పొట్టి ఎక్స్‌పోజర్లు వరుసగా తీసి, ఒకదానిమీద ఒకటి సర్ది కూడుతాయి. తెలుపు పొర్లదు, కూడటం వల్ల గరుకు తగ్గుతుంది. తొమ్మిది ఫొటోల సగటులో గరుకు మూడో వంతు అవుతుంది, పదహారింటిలో నాలుగో వంతు. వర్గమూలం పాఠం ఇక్కడ పనికొచ్చింది చూశారా. చేతిలో పట్టుకుని తీయడానికి, కదిలే వాటిని తీయడానికి ఫోను పద్ధతే మేలు. ఎంత కుదించాలో మాత్రం అది మనల్ని అడగదు, తనే నిర్ణయిస్తుంది.

విశాఖ వెళ్లిన అమ్మాయికి ఇప్పుడు ఆ కదిలే సమస్యే ఎదురైంది. కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్లే దారిలో అరకు దాకా పోయే రైలుకు 2017 నుంచి అద్దాల కప్పున్న విస్టాడోమ్ పెట్టె ఉంది. అవి పెద్ద పట్టాలే అయినా దారి మాత్రం అచ్చమైన కొండ దారి, సొరంగం తర్వాత సొరంగం. పెట్టె లోపలి మనుషులు, అద్దం బయటి ఎండ కొండలు, రెండూ ఒకే ఫొటోలో రావాలి, బండి ఆగదు, ట్రైపాడ్ నిలవదు. సొరంగం నోటి దగ్గర వెలుగు ఒక్క క్షణంలో ఎన్ని స్టాపులు మారుతుందో కొలిచి రాస్తానంది. ఆ అంకెలు వస్తే క్లబ్బు నోటు పుస్తకంలో ఎక్కిస్తాం.

మీరు చేసి చూడటానికి రైలు కూడా అక్కర్లేదు. మీ క్వార్టర్స్‌లో ఎండ పడే కిటికీ ఒకటి చాలు. ఉదయం పది గంటలకు గది లైట్లు ఆర్పి, కిటికీ బయటి గోడ, కిటికీ పక్కన పెట్టిన కుర్చీ, మంచం కింది మూల, ఈ మూడు చోట్లా కెమెరా మీటరు ఏ షట్టర్ సమయం చెబుతుందో రాసుకోండి. ఎన్ని స్టాపులు వచ్చిందో, ఎన్ని ఫొటోలు తీస్తే సరిపోతుందో పైన చెప్పిన పద్ధతిలో లెక్క వేయండి. సాయంత్రం నాలుగు గంటలకు అదే కిటికీ దగ్గర మరోసారి కొలవండి. రెండు జవాబులూ, మీ ఊరి పేరూ రాసి పంపితే, వేర్వేరు ఊళ్ల కిటికీల అంకెలు పక్కపక్కన పెట్టి వచ్చే సంచికలో పట్టికగా వేస్తాం.